దొరికిన మాటలతో 30 రోజులు: నా ప్రాజెక్టు డైరీ

మొదలుపెట్టే ముందు

గత రెండేళ్ళలో రాసిన కవితలన్నీ మొన్న ఏకబిగిన చదివాను. చీకటి, మౌనం, కిటికీ, వాన. ఏ కవిత తీసినా ఈ నాలుగింటిలో కనీసం రెండు ఉన్నాయి. విడివిడిగా చూస్తే ప్రతి కవితా బాగానే ఉంది. కలిపి చదివితే మాత్రం ఒకే కవితను మళ్ళీ మళ్ళీ రాసినట్టుంది. నా మాటలు అరిగిపోయాయి. కొత్తవి తెచ్చుకుందామంటే వెతికేదీ నేనే కాబట్టి మళ్ళీ అవే చేతికొస్తున్నాయి.

అందుకే 30 రోజులపాటు నా సొంత మాట వాడకూడదని నిర్ణయించుకున్నాను. కాగితాల మీద, డబ్బాల మీద, తెరల మీద ఇప్పటికే ఎవరో రాసిపెట్టిన మాటలే నా సరుకు. కవిత్వం కోసం రాయని మాటల్లోంచి కవిత తీయాలి. వీటిని దొరికిన కవితలు అనుకుంటున్నాను. చివరి వారంలో వస్తువుల దగ్గరికి వెళ్తాను. రోజుకు 25 నిమిషాలు, టైమర్ పెట్టుకుని. ఏది పనిచేసిందో, ఏది చెయ్యలేదో ఇక్కడ రాస్తాను. ఇదే పని చెయ్యాలనుకునేవాళ్ళకు నా తప్పులైనా కలిసొస్తాయి.

రోజు 1, 2

ఈ రెండు రోజులూ రాయడం లేదు, ఏరుకోవడమే. మందుల డబ్బాల్లో మడతపెట్టి ఉండే కాగితాలు, ప్రింటర్‌తో వచ్చిన పుస్తకం, లిఫ్టు పక్కన అతికించిన గమనిక, పాత వార్తాపత్రికలు, ఫోన్ తెర మీద వచ్చే సందేశాల స్క్రీన్‌షాట్లు, షాంపూ సీసా వెనక లేబుల్, కుట్టుమిషన్‌తో వచ్చిన పాత పుస్తకం. రెండో రోజు సాయంత్రానికి 47 ముక్కలు చేరాయి. ప్రతిదాని వెనకా పెన్సిల్‌తో ఎక్కడిదో, ఏ రోజు దొరికిందో రాశాను. ఈ పని విసుగనిపించినా మానకండి. వారం తిరిగేసరికి ఏ ముక్క ఎక్కడిదో అస్సలు గుర్తుండదు.

తర్వాత వీటిని విషయాన్ని బట్టి కాకుండా వాక్యం తీరును బట్టి కవర్లలో వేశాను. ఆజ్ఞలు ఒక కవర్లో, హెచ్చరికలు ఒకదాంట్లో, వర్ణనలు ఒకదాంట్లో, ప్రశ్నలు ఒకదాంట్లో. ఆజ్ఞల కవరు ఉబ్బిపోయింది. ప్రశ్నల కవర్లో నాలుగే ముక్కలు, ఆ నాలుగూ ఫోన్ తెర మీదివే. కాగితం మీది భాష మనకు ఎన్నో చెబుతుంది, మనల్ని మాత్రం ఏమీ అడగదు. ఇన్నాళ్ళూ ఈ కాగితాల మధ్యే తిరుగుతున్నా కవర్లలో వేసేదాకా ఇది నాకు తట్టలేదు.

రోజు 3

మొదటి అభ్యాసం. లేబుళ్ళ మీది వాక్యాలను ఒక్క అక్షరం కూడా మార్చకుండా తీసుకోవాలి. వరస మార్చుకోవచ్చు, పాదాలు విరుచుకోవచ్చు. నా సొంతం శీర్షిక ఒక్కటే.

మందు కాగితం, షాంపూ సీసా, జిగురు డబ్బా, ఈ మూడింటి నుంచి ఐదు వాక్యాలు పక్కపక్కన పెట్టాను. శీర్షిక కోసమే పది నిమిషాలు పట్టింది.

పాత ఉత్తరం

వాడే ముందు బాగా కుదపండి.
తెరిచాక ఎక్కువ రోజులు ఉంచకండి.
ఎండ తగలనివ్వకండి.
పిల్లలకు అందనివ్వకండి.
కళ్ళలో పడితే
వెంటనే నీళ్ళతో కడగండి.

దీన్ని బయటికి చదువుతుంటే చివరి రెండు పాదాల దగ్గర గొంతు పట్టేసింది. ఒక్క మాటా నాది కాదు. శీర్షికలోని రెండు మాటల వల్లే మిగతా అంతా వేరే అర్థానికి తిరిగింది. అదే కవితకు 'అబద్ధం' అని పేరు పెట్టి చూశాను. అదీ నిలబడింది. 'మొదటి ప్రేమ' అని పెడితే మాత్రం బలహీనపడింది, ఎందుకంటే వినేవాళ్ళు అది ముందే ఊహిస్తారు. శీర్షికకూ లేబుల్‌కూ మధ్య దూరం ఎక్కువుండాలి, కానీ ఒక దారం మాత్రం కలిపి ఉంచాలి. ఉత్తరాన్ని ఎవరూ కుదపరు. కానీ పాత ఉత్తరం తెరిచేముందు లోపల ఏదో కుదుపు ఉంటుంది కదా. ఆ దారం చాలు.

రోజు 4

పాదాల విరుపు గురించి ఒక సమస్య. మన వాక్యం క్రియతో ముగుస్తుంది. వాక్యానికో పాదం చొప్పున రాస్తే ప్రతి పాదమూ 'అండి' అనే ముగుస్తోంది. మొదటి కవితలో ఆ మోత ఒక తాళంలా పనికొచ్చింది. రెండో కవితకు వచ్చేసరికి చెవికి భారమైంది. క్రియను విడదీసి కింది పాదంలో మొదటి మాటగా వేస్తే మోత తగ్గి, పాదం చివర ఒక నామవాచకం ఆగి నిలబడుతోంది. 'తలుపు దగ్గర / నిలబడకండి. లోపలి వారిని / ముందు దిగనివ్వండి' అని విరిస్తే 'తలుపు దగ్గర' అనే మాట ఒక క్షణం ఒంటరిగా ఉంటుంది. చదివేవాళ్ళు ఆ క్షణంలో తలుపును చూస్తారు. లిఫ్టు గమనికలో ఆ తలుపును ఎవరూ చూసి ఉండరు.

రోజు 6

ఇవాళ ఒక తప్పు చేశాను. చెరిపివేత అభ్యాసం, అంటే అచ్చు పేజీ మీద కావలసిన మాటలు వదిలి మిగతావి నల్ల మార్కర్‌తో కొట్టెయ్యడం. ఉత్సాహంలో నేరుగా అసలు పేజీ మీదే మొదలుపెట్టాను. సిరా కాగితం లోపలికి ఇంకి వెనక పేజీ కూడా పోయింది. ఆ వెనక పేజీలోనే నేను గుర్తుపెట్టుకున్న మంచి పేరా ఉంది. ఇకమీదట ముందు జిరాక్స్ తీయించాలి, తర్వాత పెన్సిల్‌తో కావలసిన మాటల చుట్టూ గీయాలి, ఒక రాత్రి ఆగాలి, ఆ తర్వాతే మార్కర్. పెన్సిల్ గీత చెరిపెయ్యొచ్చు. మార్కర్ గీసిన చోట మరో ఆలోచనకు చోటుండదు.

రోజు 7, 8

ఈ నెలలో ఇప్పటిదాకా ఇంత సంతోషం కలిగిన రోజులు లేవు. వివరంగా రాస్తాను.

కుట్టుమిషన్ పుస్తకం పాత గ్రాంథిక ధోరణిలో ఉంది. అందులో ఒక పేరా ఇది:

"యంత్రమును గాలి తగులునట్లు ఉంచవలెను. వాడని దినములలో గుడ్డ కప్పి ఉంచవలెను. సూది విరిగినచో వెంటనే మార్చవలెను. దారము తెగినచో మరల మొదటి నుండి ఎక్కించవలెను. చక్రమును వెనుకకు త్రిప్పరాదు."

పెన్సిల్‌తో మాటల చుట్టూ గీస్తుంటే, పొరపాటున 'ఉంచవలెను'లో మొదటి భాగం మీదా చివరి 'ను' మీదా గీత పడింది. మధ్యలో 'వలె' మిగిలింది. ఆజ్ఞ కాస్తా ఉపమానమైపోయింది. 'గాలి తగులునట్లు ఉంచవలెను' అనే వాక్యంలోంచి 'గాలి వలె' బయటికొచ్చింది. కుర్చీలోంచి లేచి గదిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను.

తర్వాత వెతకడం మొదలుపెట్టాను. 'త్రిప్పరాదు'లో 'త్రిప్ప' కొట్టేస్తే 'రాదు' మిగిలింది. చెయ్యకూడదనే మాట తిరిగి రాకపోవడంగా మారింది. 'వాడని దినములు' అంటే పుస్తకం దృష్టిలో మిషన్ ఉపయోగించని రోజులు. పక్కన మిషన్ లేకపోతే అవి వాడిపోని రోజులు. ఈ మూడు మలుపులూ పుస్తకం రాసినాయన పెట్టినవి కావు, నేను కల్పించినవీ కావు. భాష తన పొట్టలో దాచుకున్నవి.

గాలి వలె
వాడని దినములలో
గుడ్డ వలె
సూది వలె
దారము
తెగి
వెనుకకు
రాదు

చెరిపివేతలో మాటల వరస మార్చకూడదని నా నియమం. పేజీ మీద పై నుంచి కిందికి ఎలా వచ్చాయో అలాగే ఉండాలి. ఆ నియమం లేకపోతే ఇది మామూలు ఏరివేత అయిపోతుంది.

తెలుగులో ఈ అభ్యాసం చేసేవాళ్ళకు నా సలహా ఇది. మాటలను మాత్రమే చూడకండి, మాటల లోపల చూడండి. మన క్రియలు పొడవైనవి. ఒకదాని వెనక ఒకటి అతుక్కుని ఉంటాయి. ఎక్కడ కోస్తే ఏది బయటపడుతుందో చెప్పలేం. 'వలెను', 'రాదు', 'గలరు' అనే ముగింపులున్న పాత పుస్తకాలు, నియమావళులు దీనికి గని లాంటివి. కొత్త లేబుళ్ళలోని 'అండి'లో అంత సంపద దొరకలేదు.

ఒక చిన్న నియమం కూడా పెట్టుకున్నాను. గుణింతం గుర్తునూ ఒత్తునూ సగానికి చెరపకూడదు. 'కి'లో గుడి చెరిపి 'క' చెయ్యడం మొదలుపెడితే ఏ మాట నుంచైనా ఏ మాటైనా వస్తుంది. అప్పుడు దొరికింది అనడానికి వీల్లేదు.

రోజు 10

కత్తిరింపు. కళలో తర్కాన్ని తోసేసిన డాడా ఉద్యమపు కవి ట్రిస్టన్ జారా 1920లో రాసిన పద్ధతి ప్రసిద్ధమైనది. పత్రిక తీసుకోవాలి, కత్తెర తీసుకోవాలి, ఒక వ్యాసాన్ని ఏ మాటకు ఆ మాట కత్తిరించాలి, సంచిలో వేసి మెల్లగా కదపాలి, ఒక్కొక్కటే తీసి వచ్చిన వరసలోనే రాసుకోవాలి. అలాగే చేశాను. వాతావరణ వార్త, ఆటల వార్త కలిపి 120 చీటీలయ్యాయి.

మొదటి ప్రయత్నం పాడైంది. జారా రాసింది ఫ్రెంచిలో. అక్కడ విభక్తి పని చేసే మాటలు చాలావరకు విడిగా ఉంటాయి, కాబట్టి చీటీలు ఎలా పడ్డా ఏదో ఒక అతుకు దొరుకుతుంది. మన దగ్గర 'తీరానికి', 'జట్టుతో', 'ఆకాశంలో' అని విభక్తి మాటకు అంటుకునే వస్తుంది. ప్రతి చీటీ తనకు రావలసిన జోడీ కోసం చెయ్యి చాపి నిలబడినట్టుంది. అలాంటివి వరసగా పది వస్తే వాక్యం కుదరదు, ఊపిరి కూడా అందదు.

రెండో ప్రయత్నంలో పద్ధతి మార్చాను. అన్నిటినీ మాటకు మాట కాకుండా, వీలైనచోట రెండు మూడు మాటల గుత్తులుగా కత్తిరించాను. 'తీరం దాటే' లాంటివి గుత్తిగా, 'తేలికపాటి', 'సాయంత్రానికి' లాంటివి విడిగా. మరో పది చీటీల మీద విభక్తులు మాత్రమే రాసి వేరే కవర్లో పెట్టుకున్నాను, ఎక్కడైనా అతుకు అవసరమైతే తీసుకోవడానికి. ఈసారి వచ్చిన వాటిలో ఇది ఉంది:

తేలికపాటి ఆటగాడు
సాయంత్రానికి
తీరం దాటే అవకాశం

దీనికి ఒక్క అక్షరం కూడా కలపలేదు. ఎవరో నాకు తెలిసిన మనిషి గురించి రాసినట్టే ఉంది. మిగతా చీటీల నుంచి నిలబడింది ఏమీ రాలేదు. 120 చీటీలకు మూడు పాదాలు. ఈ పద్ధతిలో రాబడి ఇంతే ఉంటుందనుకుని కూర్చుంటే నిరాశ ఉండదు.

రోజు 12

పని ఒత్తిడి. పది నిమిషాలు కూర్చుని జిగురు పని మాత్రమే చేశాను. నీళ్ళలాంటి జిగురుతో కాగితం ముడతలు పడుతోంది. గ్లూ స్టిక్ మేలు.

రోజు 13

1960లో రేమండ్ కెనో, ఫ్రాన్సువా లె లియొనే కలిసి మొదలుపెట్టిన, నియమాలు పెట్టుకుని రాసే రచయితల, గణితజ్ఞుల ఊలిపో బృందంలో జాఁ లెస్క్యూర్ ఒక ఆట ప్రతిపాదించాడు. ఏదైనా రచన తీసుకుని, అందులోని ప్రతి నామవాచకానికి బదులు నిఘంటువులో దాని తర్వాత వచ్చే ఏడో నామవాచకం పెట్టాలి. నేను దాన్ని చిన్నది చేసుకుని కర్తను మాత్రమే మార్చాను. నా దగ్గరున్నది చిన్న నిఘంటువు. పెద్దదైతే ఏడు మాటలూ ఒకే సమాసపు తోబుట్టువులవుతాయి, మాట దూరం జరగదు.

పత్రికలోని ఒక కథలో 'తాత తలుపు తీశాడు' అని ఉంది. నా నిఘంటువులో 'తాత' నుంచి ఏడో నామవాచకం 'తాళం'. వ్యాకరణం ప్రకారం 'తాళం తలుపు తీసింది' అని దిద్దాలి. దిద్దకుండా వదిలేశాను.

తాళం తలుపు తీశాడు.

ఒక్క 'డు' వల్ల ఆ తాళానికి ఒళ్ళు వచ్చింది, వయసు వచ్చింది. తాత పోలేదు, తాళం లోపలే నిలబడి ఉన్నాడు. క్రియలో లింగం చూపించే భాష కావడం వల్ల మనకు దక్కిన వరం ఇది. అప్పటి నుంచి నా నియమం: పేరు మారిస్తే క్రియను ముట్టుకోకూడదు. ఈ పద్ధతిలో ఇరవై వాక్యాలు చేశాను. 'గడియారం చెప్పులు విప్పాడు' అనేది ఇంకొకటి మిగిలింది. మిగతావి తీసేశాను.

రోజు 15

ప్రశ్నల కవరు తెరిచాను. నాలుగు ప్రశ్నలకు తోడుగా ఫోన్, కంప్యూటర్ తెరల సందేశాలు ఇంకొన్ని కలిపాను.

మీరు ఇంకా ఇక్కడే ఉన్నారా?
కొంతసేపు కదలిక లేకపోవడంతో
బయటకు పంపించాం.
సేవ్ చేయని మార్పులు పోతాయి.
అయినా వెళ్ళాలా?

మర్యాదగా, చల్లగా మాట్లాడే ఈ గొంతును నేను సొంతంగా రాయలేను. నేను రాస్తే ఎక్కడో ఒకచోట బాధను చూపించేస్తాను. యంత్రానికి ఆ బలహీనత లేదు, కాబట్టి బాధ మొత్తం చదివేవాళ్ళ వైపు జరుగుతుంది. దొరికిన భాష ఎందుకు పనిచేస్తుందని ఎవరైనా అడిగితే ఈ కవితే చూపిస్తాను.

రోజు 16

రాయడం తక్కువ, ఆలోచన ఎక్కువ. ఒక స్నేహితురాలు పంపిన వాయిస్ మెసేజ్‌ను అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద పెట్టాను. అందులో ఆమె మధ్యలో ఆగిన చోట్లు, 'అదేంటంటే' అని మళ్ళీ అందుకున్న చోట్లు అద్భుతంగా ఉన్నాయి. కవిత దాదాపు తయారైంది. కానీ లేబుల్ మీది మాట వేరు, మనిషి నోట్లోని మాట వేరు. ఆమెకు పంపించి అడిగాను. ఒక వాక్యం తీసెయ్యమంది, కవితలో ఎక్కువ బరువున్నది అదే. తీసేశాను. కవిత కొంచెం తగ్గింది, తగ్గితే తగ్గనీ.

ఛార్లెస్ రెజ్నికాఫ్ అనే అమెరికన్ కవి కోర్టు రికార్డుల్లోని సాక్ష్యాలతో పెద్ద కావ్యమే రాశాడు. అవి బహిరంగ పత్రాలు, అయినా మనుషుల పేర్లు మార్చాడు. నేను పెట్టుకున్న గీత ఇది: అచ్చయిన బహిరంగ భాషను స్వేచ్ఛగా తీసుకుంటాను, ఎక్కడిదో చెబుతాను. తెలిసినవాళ్ళ మాటైతే అడుగుతాను. తెలియనివాళ్ళ సంభాషణ చాటుగా విని రాయను. మరో రచయిత కవితలోని పాదాలు తీసుకుని నావిగా చూపించను.

రోజు 19

ఈ డైరీలో ముఖ్యమైన రోజు ఇదే.

ఇప్పటికి 21 కవితలు గోడకు అతికించాను. చెల్లి వచ్చి చాలాసేపు నిలబడి చదివింది. బాగున్నాయి అంటుందని ఎదురుచూస్తున్నాను.

"అక్కా, అన్నీ 'లేదు'తోనే ముగుస్తున్నాయేంటి?"

"ఎక్కడ?"

"ఇదిగో 'రాదు', ఇదిగో 'ఉంచకండి', ఇదిగో 'పోతాయి'. నువ్వు పాత కవితలు కూడా ఇలాగే రాసేదానివి కదా."

లెక్కపెట్టాను. 21లో 15 కవితలు లేకపోవడంతోనో, వద్దనడంతోనో, పోవడంతోనో ముగుస్తున్నాయి. చీకటీ మౌనమూ ఒక్కచోట కూడా లేవు. కానీ వాటి నీడ అంతటా ఉంది.

రాత్రి చాలాసేపు గోడ చూస్తూ కూర్చున్నాను. నా మాటలు అరిగిపోయాయనుకున్నాను, అందుకే మాటలు మార్చాను. అరిగింది మాటలు కాదు, ఏరే చెయ్యి. 47 కాగితాల్లో 'లోపలికి రండి', 'ఇక్కడ నొక్కండి', 'ఒకరికొకరు సాయం చేసుకోండి' అనేవి కూడా ఉన్నాయి. కవర్లు మళ్ళీ తిరగేశాను. ఆ వాక్యాలన్నీ కత్తెర తగలకుండా అలాగే ఉన్నాయి. వాటిని నేను చూడనే లేదు.

కాబట్టి నియమాలు మార్చేశాను. సొంత మాటల మీద నిషేధం ఎత్తేశాను, అది ఉండాల్సిన చోటు కాదు. ఇకనుంచి రెండు నియమాలు. సరుకు నేను ఏరుకోను, చెల్లి ఏరిస్తుంది. కవితలో ఎక్కడా వ్యతిరేకార్థం రాకూడదు: లేదు, కాదు, రాదు, వద్దు, కూడదు, పోయింది, ఏదీ. అవధానంలో నిషిద్ధాక్షరి ఉంటుంది కదా, అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే తర్వాత ఏ అక్షరం రాకూడదో పృచ్ఛకుడు చెబుతూ పోతాడు. అలవాటుగా వచ్చే మాటకు దారి మూసేస్తే తప్ప రెండో దారి కనిపించదని ఆ ప్రక్రియ చేసినవాళ్ళకు ఎప్పుడో తెలుసు.

రోజు 20, 21

అవధానం గుర్తొచ్చింది కాబట్టి దత్తపది కూడా ప్రయత్నించాను. పృచ్ఛకుడు నాలుగు మాటలిస్తే అవి వచ్చేలా పద్యం చెప్పాలి. ఆ మాటలను వాటి అసలు అర్థంలో కాకుండా వేరే మాటల లోపల ఇమడ్చడం అందులోని నేర్పు. నాకు ఛందస్సులో అంత పట్టు లేదు, వచనంలోనే చేశాను. చెల్లి వస్తువుల పేర్లే ఇచ్చింది: పలక, తాడు, మర, పార.

రెండు రోజులు పట్టింది. 'పోతాడు'లో తాడు ఉందని కనిపించిన క్షణం ఏడో రోజు 'వలె' దొరికినప్పటి లాంటిదే.

పలకరించి పోతాడు.
మరక లాంటి ఆ మాటను
పారవేయకుండా
దాచుకుంటాను.

చెల్లికి చూపించాను. "ఇందులో కుండ కూడా ఉంది, నేను ఇవ్వనిది" అని 'పారవేయకుండా' మీద వేలు పెట్టింది. ఆ మాటలో వ్యతిరేకార్థం కూడా ఉందని తర్వాత నేనే గమనించాను. నియమం తప్పింది. కవిత మార్చలేదు, కానీ లెక్కలోకి తీసుకోను.

రోజు 22 నుంచి 25

వస్తువులు. చెల్లి రోజుకొకటి బల్ల మీద పెట్టి వెళ్తుంది. ఏం పెడుతుందో నేను అడగకూడదు.

పద్ధతి ఇలా స్థిరపడింది. మొదటి ఐదు నిమిషాలు పెన్ను ముట్టకూడదు, వస్తువు చేతిలో పట్టుకుని కూర్చోవాలి. తర్వాత దాని కొలతలు: పొడవు, బరువు, వేడో చల్లనో, ఏ చప్పుడు చేస్తుందో. విశేషణాలు వద్దు, పోలికలు అసలే వద్దు. ఆ తర్వాత దాని క్రియలు రెండు వరసల్లో రాయాలి. అది చేసేవి ఒక వైపు, దానికి మనం చేసేవి ఒక వైపు. చివరి పది నిమిషాల్లో ఆ క్రియలతోనే కవిత.

22న స్టేప్లర్. చప్పుడు దగ్గరే ఆగిపోయాను. 23న గొడుగు. గొడుగు పట్టుకోగానే వాన వచ్చేసింది, పాత కవిత వచ్చేసింది, పేజీ పక్కన పెట్టేశాను. జ్ఞాపకాలు ఎక్కువగా అంటుకున్న వస్తువు ఈ అభ్యాసానికి కష్టం. అది మనల్ని తన వైపు చూడనివ్వకుండా వెనక్కి లాక్కుపోతుంది. 24న పెన్సిల్ చెక్కే షార్పెనర్. అందులోంచి ఒక పాదం వచ్చింది: 'తిప్పేకొద్దీ పువ్వు రాలుస్తుంది'. రాల్చడం వ్యతిరేకార్థమా కాదా అని చెల్లీ నేనూ వాదించుకున్నాం. కాదని తేల్చింది.

25న బట్టల క్లిప్పు. పాత చెక్కది. రెండు చెక్క ముక్కలు, మధ్యలో ఒక స్ప్రింగు. పొడవు 7 సెంటీమీటర్లు. బరువు వంటింటి త్రాసు మీద 5 గ్రాములు చూపించింది. కొలతలు అయ్యాక క్రియలు రాశాను. అది చేసేవి: తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, పట్టుకుంటుంది, కొరుకుతుంది. మనం చేసేవి: నొక్కుతాం, వదులుతాం. 25 నిమిషాలూ అయిపోయాయి. రెండు వరసలూ అలాగే ఉండిపోయాయి. కవిత రాలేదు.

రోజు 26

నిన్నటి క్లిప్పే మళ్ళీ అడిగాను. చెల్లి ఒప్పుకుంది.

ఈసారి రాయకుండా నొక్కుతూ వదులుతూ కూర్చున్నాను. ఎన్నిసార్లు నొక్కానో తెలియదు. బొటనవేలికి గుర్తు పడింది. అప్పుడు గమనించాను: నేను ఏ చివర దగ్గరికి తెస్తున్నానో దాని అవతలి చివర విడిపోతోంది. నా బలం అవసరమయ్యేది తెరవడానికి. పట్టుకోవడానికి దానికి నా అవసరం లేదు, నేను చెయ్యి తీసేస్తే అదే పట్టుకుంటుంది. ఇది తెలియని విషయమేమీ కాదు. జీవితమంతా బట్టలు ఆరేస్తూనే ఉన్నాను. నిన్న రాసిన రెండు వరసల క్రియలూ పక్కపక్కనే ఉన్నాయి, వాటిని 'తే' అనే ఒక్క ప్రత్యయంతో కలపడమే మిగిలింది.

ఇటు నొక్కితే
అటు తెరుచుకుంటుంది.
వదిలేస్తే
పట్టుకుంటుంది.

వ్యతిరేకార్థం లేదు. పోలిక లేదు. విశేషణం లేదు. శీర్షిక పెట్టాలా అని ఆలోచించి మానేశాను. మూడో రోజు శీర్షికే అంతా చేసింది, ఇక్కడ ఏ శీర్షిక పెట్టినా కవితను ఒక అర్థం దగ్గర కట్టేస్తుంది.

'వదిలేస్తే' అనే మాట నా పాత కవితల్లో ఎన్నిసార్లు వచ్చిందో. ప్రతిసారీ దాని తర్వాత ఏదో పోయేది. ఈ మాట తర్వాత 'పట్టుకుంటుంది' అని నేను సొంతంగా ఎప్పటికీ రాసి ఉండేదాన్ని కాదు. అది 5 గ్రాముల చెక్క చెబితే రాశాను.

రోజు 28

గోడ మీద నుంచి అన్నీ దించి ఫైల్‌లో పెట్టాను. ఉంచుకున్నవి: 'పాత ఉత్తరం', కుట్టుమిషన్ చెరిపివేత, తేలికపాటి ఆటగాడు, తలుపు తీసిన తాళం, తెర ప్రశ్నలు, స్నేహితురాలి గొంతు, క్లిప్పు. ఏడు. మిగతావి చింపెయ్యలేదు, కవర్లలోకి తిరిగి వెళ్ళాయి. అవి మళ్ళీ సరుకే.

చెరిపివేతకు 'వలెను' ఉన్న పాత పేజీలు ఇంకా కావాలి. స్నేహితులందరికీ చెప్పి పెట్టాను, పాత రేడియో పుస్తకమో, నియమావళో ఉంటే పారెయ్యకుండా ఇవ్వమని. ఒకరు గ్రంథాలయ సభ్యత్వ నిబంధనల జిరాక్స్ పంపించారు. మొదటి వాక్యంలోనే 'పుస్తకములను తిరిగి ఇవ్వవలెను' అని ఉంది. పెన్సిల్ చెక్కి పెట్టుకున్నాను.

రోజు 30

టైమర్ పెట్టలేదు. పొద్దున బల్ల దగ్గరికి వెళ్ళేసరికి చెల్లి ఒక బొత్తాం పెట్టి వెళ్ళింది. నాలుగు రంధ్రాలు, మూడింటిలో ఇంకా దారం ముక్కలున్నాయి. దేని నుంచి ఊడిందో అడగకూడదు. అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. మొదట చల్లగా ఉంది, కాసేపటికి నా చేతి వేడికి వచ్చింది.